పిలుపు రాని వేసవి

ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం ముగించిన విద్యార్థికి వేసవి విశ్రాంతికాలం కాదు. మార్చి నెలలో పబ్లిక్ పరీక్షలు ముగిసీ ముగియకముందే ప్రవేశపరీక్షల ఋతువు మొదలవుతుంది. సైనికాధికారి కావాలని సంకల్పించిన విద్యార్థి విషయంలో ఈ ఒత్తిడి ఇంకొక మెట్టు పైన ఉంటుంది. ఇంజనీరింగ్ ప్రవేశపరీక్షకు సిద్ధమవుతూనే అతడు ఏప్రిల్‌లో జాతీయ రక్షణ అకాడమీ, నౌకాదళ అకాడమీల ప్రవేశపరీక్ష వ్రాయవలసి ఉంటుంది. ఆపైన ఫలితం కోసం, ఫలితం అనుకూలమైతే ఎంపిక మండలి పిలుపు కోసం, అదీ గడిస్తే వైద్యపరీక్ష కోసం, చిట్టచివరకు యోగ్యతా జాబితా కోసం ఎదురుచూడాలి. ఒకే ఒక్క ఆశకు ఇన్ని వాకిళ్ళున్నాయి. ఏ వాకిట నిలిచిపోయినా లోకం దాన్ని ‘సెలక్షన్ రాలేదు’ అనే ఒకే మాటతో తేల్చివేస్తుంది. నిజానికి ఒక్కొక్క వాకిట వినిపించే ‘కాదు’ అనే మాటకు ఒక్కొక్క అర్థం ఉంది. ఆ అర్థభేదం తెలియకపోవడమే విద్యార్థి దుఃఖాన్ని రెట్టింపు చేస్తుంది.

హైదరాబాదు తూర్పు దిక్కున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఈ ఆశ పుట్టడం వింత కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు దూరాన లేదు. ఒక కాలనీకి సైనిక్‌పురి అనే పేరే ఉంది. నగరానికి వాయవ్యంగా దుండిగల్‌లో వాయుసేన అకాడమీ నెలకొని ఉంది. నాచారం, మల్లాపురం పారిశ్రామికవాడలలో పనిచేసే కార్మికుల ఇళ్ళలో, ఉప్పల్ కూడలి నుండి తెల్లవారుజామునే బస్సులలోనూ మెట్రోలోనూ ఉద్యోగాలకు వెళ్ళే మధ్యతరగతి కుటుంబాలలో సైనిక యూనిఫాం పట్ల గౌరవంతోబాటు మరొక కారణమూ పనిచేస్తుంది. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో మూడేళ్ళ శిక్షణకు, వసతికి, భోజనానికి అయ్యే ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. ఇంజనీరింగ్ రుసుముల భారాన్ని తలచుకుని నిట్టూర్చే తండ్రికి ఇది చిన్న విషయం కాదు. కావున కొడుకు విఫలుడై తిరిగివచ్చినప్పుడు ఆ ఇంట్లో కూలిపోయేది ఒక కల మాత్రమే కాదు, ఒక లెక్క కూడ.

కూతురి విషయంలోనూ నేడు ఇదే మాట చెప్పవచ్చు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఈ ప్రవేశపరీక్ష బాలికలకూ తెరుచుకొన్నది. ఆ ఏడాది నవంబరులో వారు మొదటిసారి పరీక్ష వ్రాశారు. 2022లో అకాడమీలో అడుగుపెట్టిన తొలి మహిళా కేడెట్ల జట్టులో 17 మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకొని పట్టభద్రులయ్యారు. అయితే బాలికలకు కేటాయించిన స్థానాలు కొద్దివే. అందువల్ల వారి పోటీ మరింత తీవ్రం.

ఈ అకాడమీ చరిత్రను రెండు మాటలలో చెప్పుకోవాలి. 1949 జనవరిలో దెహ్రాదూన్‌లో ఉమ్మడి దళాల శిక్షణ మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో పుణె సమీపాన ఖడక్‌వాస్లా వద్ద జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1955 జనవరిలో అకాడమీకి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. పదాతి, నౌకా, వాయు దళాల భావి అధికారులు ఒకే ప్రాంగణంలో కలిసి చదవడం దీని ప్రత్యేకత. ‘సేవా పరమో ధర్మః’ అన్నది దాని ఆదర్శవాక్యం. ఏడాదికి రెండుసార్లు జరిగే ప్రవేశపరీక్షలో ఒక్కొక్క విడతకు ఉండే స్థానాలు సుమారు 400. దరఖాస్తులు లక్షలలో వస్తాయి. అనగా ఎంపిక కానివారే అసంఖ్యాకులు. ఈ సామాన్యమైన గణితం విద్యార్థికి తెలియనిది కాదు. కాని తన వంతు వచ్చేసరికి ఆ గణితం ఎవరికీ గుర్తుండదు.

మొదటి వాకిలి వ్రాతపరీక్ష. గణితానికి 300 మార్కులు, సామాన్య సామర్థ్య పరీక్షకు 600 మార్కులు. రెండవదానిలో ఆంగ్లభాషకు 200, విజ్ఞానశాస్త్రం, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలు మొదలైనవాటికి 400 మార్కులు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు తగ్గుతాయి. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తప్ప మరొకటి చదువే కాదన్నట్లు రెండేళ్ళు గడిపిన విద్యార్థి ఇక్కడ చతికిలబడడం తరచు కనిపిస్తుంది. గణితంలో మంచి మార్కులు తెచ్చుకొన్నవాడు హరప్పా నాగరికత గురించి, ఋతుపవనాల గురించి, ఆంగ్లంలోని విభక్తుల గురించి అడిగితే తెల్లమొగం వేస్తాడు. ఇది అతని అయోగ్యత అనడంకంటె మన చదువుల ఇరుకుతనం అనడం న్యాయం. ప్రశ్నపత్రం ఆంగ్ల, హిందీ భాషలలో మాత్రమే ఉండడం తెలుగు మాధ్యమ విద్యార్థికి మరొక అడ్డు. ఈ వాకిట ఆగిపోయినవాడికి దుఃఖపడవలసిన పని తక్కువ, చదవవలసిన పని ఎక్కువ. ఏది లోపించిందో పత్రమే చెబుతుంది.

రెండవ వాకిలి అట్లు చెప్పదు. వ్రాతపరీక్ష నెగ్గిన కొన్నివేలమందిని సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, అనగా ఎంపిక మండలి, అయిదు రోజుల పరిశీలనకు పిలుస్తుంది. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్, మైసూరు, దెహ్రాదూన్ మొదలైన నగరాలలో ఈ మండలులు ఉన్నాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, బ్రిటన్‌లో రూపొందిన పద్ధతి ననుసరించి, 1943లో దెహ్రాదూన్‌లో మన దేశపు తొలి మండలి ఏర్పడింది. అంతకుముందు వంశాన్ని, పాఠశాలను, కొద్దినిమిషాల ముఖాముఖిని బట్టి జరిగిన ఎంపిక స్థానంలో మనస్తత్వశాస్త్రానికి చోటు దొరికింది.

తొలిరోజే వడపోత. తెలివితేటల పరీక్ష తరువాత ఒక మసకబొమ్మను అరనిమిషం చూపి, దానిపై కథ వ్రాయమంటారు. ఆపైన ఆ కథను చెప్పించి గుంపుగా చర్చింపజేస్తారు. సాయంత్రమయ్యేసరికి తరచు సగం కంటె ఎక్కువమంది ఇంటిదారి పడతారు. మిగిలినవారికి ఆ పైరోజులలో మానసిక పరీక్షలు, ఆరుబయట జట్టుపనులు, ఏకాంత సంభాషణ ఉంటాయి. అరవై పదాలను ఒక్కొక్కటి పదిహేను క్షణాలపాటు చూపి మనసులో మెదిలిన వాక్యం వ్రాయమంటారు. కర్ర, తాడు, పీపా ఇచ్చి నేలపై కాలు మోపకుండ జట్టుగా ఆవలి గట్టుకు చేరమంటారు. ఒక మనస్తత్వవేత్త, ఒక జట్టు పరీక్షాధికారి, ఒక సంభాషణాధికారి ఎవరికి వారుగా అభ్యర్థిని అంచనా వేస్తారు. ఒకరి అభిప్రాయం మరొకరికి ముందుగా తెలియదు. అభ్యర్థి తలచినది ఒకరు, చెప్పినది ఒకరు, చేసినది ఒకరు చూస్తారన్నమాట. మన పెద్దలు త్రికరణశుద్ధి అన్నదాన్ని ఒక ఆధునిక సంస్థ పరీక్షగా మార్చినట్లున్నది. అయిదవ రోజున ముగ్గురూ ఒకచోట కూర్చుని తమ అంచనాలను సరిచూసుకుంటారు. కొద్దిసేపటికి ఒక అధికారి వచ్చి సిఫారసు పొందినవారి ఛాతీసంఖ్యలు చదువుతాడు. ఇరవైమంది నిలబడిన చోట ఇద్దరి సంఖ్యలే వినిపించవచ్చు. ఒక్కొక్కప్పుడు ఏ సంఖ్యా వినిపించదు.

కారణం మాత్రం ఎవరికీ చెప్పరు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనిషి కారణం లేని నిర్ణయాన్ని మోయలేడు. చెప్పని కారణాన్ని తానే కల్పించుకొంటాడు. “నా ఇంగ్లీషు బాగాలేదు”, “నేను పొట్టివాణ్ణి”, “మాది కార్మిక కుటుంబమని తెలిసి ఉంటుంది” అని కాచిగూడకు తిరిగివచ్చే రైలులో రాత్రంతా తలపోస్తాడు. మండలి వెదికేది పదిహేను లక్షణాలను. ప్రణాళికాబద్ధంగా ఆలోచించడం, నలుగురితో సర్దుకుపోవడం, నలుగురిని కదిలించగలగడం, ధైర్యం, ఓర్పు, బాధ్యత మున్నగునవి వానిలో ఉన్నాయి. ఈ లక్షణాలు పదిహేడేళ్ళ వయస్సులో కొందరిలో విచ్చుకుని ఉంటాయి, కొందరిలో మొగ్గగా ఉంటాయి. మండలి చెప్పేది ‘ఈ అయిదు రోజులలో ఈ పనికి కావలసినంత కనబడలేదు’ అని మాత్రమే. ‘నీవు పనికిరావు’ అన్న వాక్యం మండలి నోట వెలువడలేదు. దాన్ని అభ్యర్థి తానే వ్రాసుకొంటాడు. మొదటిసారి తిరస్కరింపబడి రెండవసారో మూడవసారో సిఫారసు పొందినవారు ఉండడమే ఇందుకు నిదర్శనం.

ద్రోణాచార్యుడు కురుకుమారులకు పెట్టిన పరీక్షను ఆదిపర్వం చదివినవారు ఎరుగుదురు. చెట్టుకొమ్మపై కృత్రిమమైన పక్షిని నిలిపి, ఏమి కనబడుతున్నదని గురువు ఒక్కొక్కరినే అడిగాడు. పక్షితోబాటు చెట్టూ, గురువూ, సోదరులూ కనబడుతున్నారన్నవారిని పక్కకు తొలగమన్నాడు. పక్షి తప్ప మరేదీ కనబడలేదన్న అర్జునుడు నెగ్గాడు. ఈ కథను అర్జునుని ఏకాగ్రతకోసమే చెప్పుకోవడం మనకు అలవాటు. కాని ఆనాడు మొట్టమొదట పక్కకు తొలగినవాడు ధర్మరాజు. చెట్టునూ గురువునూ తోబుట్టువులనూ ఒక్కచూపులో పట్టుకొన్న ఆ దృష్టి విలుకానికి దోషం, రాజుకు గుణం. గురువు పెట్టిన పరీక్ష తప్పు కాదు, ధర్మరాజు చెప్పిన జవాబు కూడ తప్పు కాదు. పరీక్ష విలువిద్యకు సంబంధించినది, అంతే. ఏకలవ్యుని కథను మాత్రం ఇట్టి సందర్భంలో ఓదార్పుగా చెప్పేవారు కొంత ఆలోచించి చెప్పాలి. గురువు నిరాకరించినా సొంతంగా నేర్చుకొన్నాడనేంతవరకే చెప్పి, బొటనవ్రేలి దగ్గర కథ ఆపివేయడం న్యాయం కాదు. కులం అడిగి తలుపు మూసిన ఆ కాలపు ఎంపికకూ, సంఖ్యను మాత్రమే చదివే ఈ కాలపు ఎంపికకూ భేదం ఉన్నదని విద్యార్థి గుర్తించాలి. నేటి పద్ధతిలో లోపాలుంటే ఉండవచ్చును గాని అది అభ్యర్థి తండ్రి పేరు చూసి తలుపు మూయదు.

మూడవ వాకిలి వైద్యపరీక్ష. సిఫారసు పొందిన ఆనందం చల్లారకముందే కంటిచూపు, వర్ణదృష్టి, వినికిడి, ఎముకలు, పాదాల నిర్మాణం పరీక్షకు వస్తాయి. ఇందులోని నిరాకరణ మనిషి ప్రయత్నంతో సంబంధం లేనిది. కొన్ని లోపాలు చికిత్సతో తొలగుతాయి. వానికి గడువులోపల పునఃపరీక్ష కోరే అవకాశం ఉంది. కొన్ని తొలగవు. వర్ణదృష్టి లోపం గలవానికి ఆకాశయానం దూరమవుతుంది గాని భూమి దూరం కాదు. ఎంపిక మండలికి వెళ్ళడానికి ఏడాది ముందే ఒక మంచి వైద్యునిచేత కళ్ళు, చెవులు, పళ్ళు చూపించుకోవడం ఎంతో మేలు. నాచారంలో కార్మిక రాజ్య బీమా ఆసుపత్రి ఉన్నది. బీమా గల కార్మికుల పిల్లలు ఈ పని అక్కడే చేయించుకోవచ్చు.

నాలుగవ వాకిలి అన్నిటికంటె క్రూరమైనది. వ్రాతపరీక్ష నెగ్గాడు, మండలి సిఫారసు చేసింది, వైద్యులు యోగ్యుడన్నారు. అయినా యోగ్యతా జాబితాలో పేరు లేదు. వ్రాతపరీక్ష 900, మండలి 900, మొత్తం 1800 మార్కులలో చివరి స్థానం పొందినవారి మార్కులు ఇటీవలి పలు సంవత్సరాలలో సగానికి లోపలే ఉన్నాయి. కాబట్టి పదిమార్కుల తేడాతో జాబితా బయట నిలిచినవానికీ లోపల ఉన్నవానికీ నడుమ గుణంలో అంతరం వెదకడం వ్యర్థం. స్థానాలు అయిపోయాయి, అంతే. ఇక్కడ ఆగినవాడు తిరిగి ప్రయత్నిస్తే వ్రాతపరీక్షపై మరికొంత శ్రమించడమే తక్షణ కర్తవ్యం, ఎందుకంటే తాను పెంచుకోగలిగిన మార్కులు అక్కడే కనబడుతున్నాయి.

ఇంటికి చేరిన తరువాతి పదిరోజులు గడవడం కష్టం. “మీవాడు బెంగళూరు పోయిండట గదా, ఏమైంది?” అని గల్లీలో అడిగేవారికి దురుద్దేశం ఉండదు, కాని ప్రతి ప్రశ్నా పుండుమీద వేలు. తండ్రి మౌనం వహిస్తే కోపమనుకొంటాడు. తల్లి ఏడిస్తే తానే కారణమనుకొంటాడు. ఇట్టి వేళ పెద్దలు చేయదగినది మిక్కిలి చిన్నది. “అన్నం తిన్నవా బిడ్డా?” అన్న ప్రశ్న మొదట రావాలి, “తరువాత ఏం చేద్దాం?” అన్నది కొన్నాళ్ళకు రావచ్చు. చుట్టాలకు చెప్పవలసిన వాక్యాన్ని ఇంటిల్లిపాది ఒకటే నిర్ణయించుకోవడం మంచిది: “ఈసారి కాలేదు, వయస్సు ఇంకా ఉన్నది.” అబద్ధం లేదు, సంజాయిషీ లేదు. దుఃఖం వారాల తరబడి తగ్గక, నిద్ర, ఆహారం చెడి, బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడితే ఆలస్యం చేయరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉచితంగా దొరుకుతారు. మరొక హెచ్చరిక కూడ అవసరం. ఈ పదిరోజులలోనే “మనవాళ్ళున్నారు, ఎంతో కొంత ఇస్తే పని అవుతుంది” అనే దళారులు ఇంటికి వస్తారు. యోగ్యతా జాబితాలో అమ్మకానికి స్థానాలు లేవు. డబ్బుతోబాటు పరువూ పోతుంది.

ఈ సందర్భంలో అబ్దుల్ కలాం పేరు తప్పక వినిపిస్తుంది. 1958లో ఆయన వాయుసేన ఎంపిక మండలి ముందు దెహ్రాదూన్‌లో నిలిచారు. ఇరవై అయిదుగురిలో తొమ్మిదవవారయ్యారు. తీసుకొన్నది ఎనిమిదిమందిని. ఆ కథలో అందరూ ఆయన రాష్ట్రపతి కావడాన్నే చెబుతారు. ప్రతి విద్యార్థికీ ఆ ముగింపును వాగ్దానం చేయడం సబబు కాదు. గమనించదగిన అంశం మరొకటి ఉంది. దెహ్రాదూన్‌కు వెళ్ళేముందే ఆయన ఢిల్లీలో రక్షణ మంత్రిత్వశాఖలోని సాంకేతిక విభాగం వారి ముఖాముఖికి హాజరయ్యారు. ఒక తలుపు మూసుకొన్ననాడు మరొక తలుపు అప్పటికే తట్టి ఉంచారు. రిషికేశ్‌లో కొంత ఊరట పొంది ఢిల్లీకి చేరేసరికి ఆ ఉద్యోగం ఆయనకోసం వేచి ఉంది. తరువాత 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులై ఈ నగరానికే వచ్చారు.

కావున ఇంటర్ ముగించిన విద్యార్థికి ఎదురయ్యే అసలు ప్రశ్న ఇది: ఏ కళాశాలలోనూ చేరకుండ ఒక ఏడాది ఈ పరీక్షకే అంకితమవ్వాలా, లేక చేరి ప్రయత్నించాలా? వయఃపరిమితి సుమారు పదహారున్నర నుండి పందొమ్మిదిన్నర ఏళ్ళు. ఆ నడుమ ఎన్నిసార్లయినా వ్రాయవచ్చు. అందువల్ల కొందరు శిక్షణాలయాలకు వెళ్ళి కూర్చుంటారు. ఇది మంచి సలహా కాదు. పగలంతా ఒకే ఆశను చూస్తూ కూర్చున్నవానికి మండలి ముందు చెప్పుకోవడానికి ఆ ఆశ తప్ప మరో జీవితం ఉండదు. ఇంజనీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరి, క్రీడలలో, ఎన్.సి.సి.లో తిరిగినవానికి మాట్లాడే విషయమూ ఉంటుంది, మరల ప్రయత్నించే మార్గాలూ ఉంటాయి. గణితం, భౌతిక, రసాయనశాస్త్రాలతో ఇంటర్ పూర్తిచేసినవారికి పదాతిదళంలో సాంకేతిక ప్రవేశపథకం ఉంది. డిగ్రీ తరువాత సంయుక్త రక్షణ సేవల పరీక్ష, వాయుసేన ఉమ్మడి ప్రవేశపరీక్ష ఉన్నాయి. ఎన్.సి.సి. ‘సి’ సర్టిఫికెట్ పొందిన పట్టభద్రులకు వ్రాతపరీక్ష లేకుండానే నేరుగా ఎంపిక మండలికి వెళ్ళే ప్రత్యేక ప్రవేశం ఉంది. మొన్న మూసుకొన్న వాకిలి మూడేళ్ళ తరువాత మరొక గోడలో తెరుచుకొని ఉంటుంది. బాలికలకోసం ఉప్పల్ మీదుగా వరంగల్లుకు పోయే రహదారిపైనే, భువనగిరి ప్రాంతంలో, సాంఘిక సంక్షేమ గురుకుల సంస్థ సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాలను నెలకొల్పింది.

సైనికాధికారి కావడమొక్కటే రక్షణరంగ సేవ అనుకోవడమూ పొరపాటే. ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉన్నది. 1767లో పుట్టిన ఆ శాఖ దేశపు పటాలను తయారుచేస్తుంది. పటం లేని సేన గుడ్డిది. కుషాయిగూడలో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ నాచారానికి దగ్గరే.

ఎన్.సి.సి. గురించి ఒక మాట. 1948లో ఏర్పడిన ఈ దళంలో చేరిన కేడెట్లకు చిన్నచిన్న ఎంపికలు ఏటా ఎదురవుతాయి. వార్షిక శిబిరం నుండి పోటీ శిబిరానికి, అక్కడినుండి గణతంత్ర దినోత్సవ కవాతుకు పోయే దారిలో ప్రతి మజిలీలోనూ కొందరు ఆగిపోతారు. ఎంపికైన బాలురను దెహ్రాదూన్‌లోని భారత సైనిక అకాడమీకి, బాలికలను చెన్నైలోని అధికారుల శిక్షణ అకాడమీకి కొద్దిరోజుల అనుబంధ శిక్షణకు పంపుతారు. ఆ జాబితాలో పేరు లేకపోతే అకాడమీ ద్వారమే మూసుకుపోయిందని భావించే కేడెట్లు ఉన్నారు. అట్టి సంబంధమేదీ లేదు. అమెరికాలోని సైనిక అకాడమీలు సైతం ఉన్నత పాఠశాల విద్యార్థులకు వేసవిలో వారంరోజుల పరిచయ కార్యక్రమాలు నడుపుతాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వానికి దరఖాస్తు చేయవచ్చు. వేసవి కార్యక్రమంలో చోటు దొరకనివారు మరుసటి ఏడాది అసలు ప్రవేశానికి యథావిధిగా దరఖాస్తు చేసుకొంటారు. ఆ కార్యక్రమానికి హాజరు కావడం ప్రవేశానికి షరతు కాదు.

తిరిగి ప్రయత్నించదలచినవారు రెండు పనులు వెంటనే చేసిపెట్టుకోవాలి. మండలిలో గడిపిన రోజులలో ఏ కథ వ్రాశారో, జట్టుపనిలో ఎక్కడ వెనుకకు తగ్గారో, సంభాషణలో ఏ ప్రశ్నకు తడబడ్డారో జ్ఞాపకం మాసిపోకముందే ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. నెల గడిస్తే జ్ఞాపకంలో బాధ మిగులుతుంది గాని వివరం మిగలదు. ఇక అసలు ధ్రువపత్రాలు, ఫోటోలు ఉన్న ఫైలును అటకెక్కించరాదు. రెండవ విడత పరీక్షకు ప్రకటన సాధారణంగా ఆ వేసవిలోనే వెలువడుతుంది, పరీక్ష సెప్టెంబరులో ఉంటుంది. పుట్టినతేదీ ఆ ప్రకటనలోని హద్దులలో ఉన్నదో లేదో మొదట సరిచూసుకోవాలి.